యజ్ద్: నీటి లెక్కల మీద నిలిచిన మట్టి నగరం

యజ్ద్ ఇరాన్ నడిగడ్డ మీద, దష్త్-ఎ-కవీర్, దష్త్-ఎ-లూత్ అనే రెండు పెద్ద ఎడారుల మధ్య, సముద్రమట్టానికి సుమారు 1,200 మీటర్ల ఎత్తున ఉన్న పాత నగరం. ఏడాది మొత్తం మీద అక్కడ కురిసే వాన 60 మిల్లీమీటర్లు దాటడం అరుదు. హైదరాబాద్‌లో ఒక్క రాత్రి జడివానకే అంతకు మించి కురిసిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. వేసవి పగళ్ళలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, చలికాలపు రాత్రుల్లో నీళ్ళు గడ్డకడతాయి. దగ్గరలో నది లేదు. అలాంటి చోట మసీదులు, మదరసాలు, బజార్లు, హమామ్‌లు, తోటలు, పట్టు మగ్గాలతో ఒక నగరం వెయ్యేళ్ళకు పైగా ఎడతెగకుండా బతుకుతూ వచ్చింది. 2017లో యునెస్కో అందులోని పాత బస్తీలను, 195.67 హెక్టార్ల మేర, ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

యజ్ద్ ఫొటోల్లో ముందుగా కనిపించేవి బాద్‌గీర్లు. ఇళ్ళ కప్పుల మీద నిటారుగా లేచి, పైభాగాన సన్నటి నిలువు చీలికలతో కనబడే గాలి బురుజులివి. వాటి అందం కాదనలేనిది. అయితే ఈ నగరం ఎందుకిలా ఉందో తెలియాలంటే చూపును ఆకాశం మీంచి నేల కిందికి దించాలి. ఏ మహల్లా ఎక్కడ వెలియాలి, ఎవరింట తోట పెరగాలి, మసీదు ఎక్కడ కట్టాలి అన్న సంగతులను వీధుల అడుగున పారే నీరే తేల్చింది. ఆ నీరు కంటికి కనబడదు కాబట్టి యాత్రికుల వర్ణనల్లో దానికి దక్కవలసిన చోటు దక్కలేదు.

నేల కింది వాస్తు

నగరానికి నైరుతి దిక్కున షీర్‌కూహ్ పర్వతం 4,000 మీటర్లకు పైగా లేచి ఉంటుంది. శిఖరాల మీది మంచు కరిగి కొండపాదంలోని కంకర పొరల్లోకి ఇంకుతుంది. అక్కడ లోతుగా ఒక తల్లిబావి తవ్వుతారు. నీరు తగిలిన లోతును కొలుచుకుని, ఆ నీరు దానంతటదే పల్లానికి సాగేలా ఊరి నుంచి బావి దాకా అతి స్వల్పమైన వాలుతో సొరంగం తవ్వుతారు. ఖనాత్ అంటే ఇదే. సొరంగం పొడవునా కొద్ది కొద్ది ఎడంలో నిలువు బావులు దించుతారు. తవ్విన మట్టిని పైకి లాగేది వీటిలోంచే, లోపలి మనిషికి గాలి అందేది కూడా వీటిలోంచే. వాలు కాస్త ఎక్కువైతే పారే నీరు సొరంగం గోడల్ని కోసేస్తుంది. తక్కువైతే పూడిక పేరుకుపోతుంది. ఆ రెంటి మధ్య సరైన కొలతను చమురు దీపపు వెలుగులో, తాడుతో, నీటితో సరిచూసుకుంటూ పట్టుకున్నవారు ముఖన్నీలు అనే తవ్వకపు పనివాళ్ళు. యజ్ద్ ముఖన్నీలకు ఇరాన్ అంతటా పేరుండేది. దూర ప్రాంతాలవాళ్ళు సైతం కబురు పెట్టి వాళ్ళను పిలిపించుకునేవారు. మట్టి గుల్లగా ఉన్నచోట కాల్చిన మట్టి ఒరలు ఒకదాని పక్కన ఒకటి బిగించి సొరంగం కూలకుండా చూసేవారు. అయినా ఆ పనిలో ప్రాణాలు పోవడం మామూలే.

యజ్ద్ ఖనాత్‌లలో ప్రసిద్ధమైనది జార్చ్. దాదాపు 70–80 కిలోమీటర్ల పొడవు, రెండు వేలకు పైగా నిలువు బావులు. అది పాత నగరం అడుగు నుంచే సాగుతుంది. జామే మసీదు ఆవరణలో మెట్లు దిగి వెళితే ఆ ప్రవాహం దాకా చేరవచ్చు. ఇలా ఖనాత్‌లోకి దిగే మెట్లబాటను పాయాబ్ అంటారు. మసీదులో అది నమాజుకు ముందు చేసే వజూకు పనికొచ్చేది. పెద్ద ఇళ్ళలోనైతే వేసవి మధ్యాహ్నాలు గడపడానికి, పండ్లూ మాంసమూ చెడకుండా దాచుకోవడానికి పనికొచ్చేది. 2016లో 'పర్షియన్ ఖనాత్' పేరిట ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన 11 ఖనాత్‌లలో జార్చ్ ఒకటి, మెహ్రీజ్ వైపు నుంచి వచ్చే హసనాబాద్-ఎ-మొషీర్ మరొకటి.

నీరు ఊరికి చేరాక పంపకాల పని మొదలయ్యేది. దీన్ని చూసే అధికారి మీరాబ్. అతని ముందు నీటి తొట్టి, తొట్టిలో అడుగున సన్నటి రంధ్రమున్న రాగి గిన్నె ఉండేవి. గిన్నె మెల్లగా నిండి మునిగితే ఒక వంతు గడిచినట్టు లెక్క. ఆ వంతులను బట్టే ఎవరి తోటకు ఎంతసేపు నీరు మళ్ళించాలో తేలేది. నీటి వాటాను అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు, పిల్లలకు పంచవచ్చు, వక్ఫ్‌గా మసీదుకో మదరసాకో రాసివ్వవచ్చు. యజ్ద్‌లో భూమి ఒక్కటే చేతిలో ఉంటే ఏమీ లేనట్టే. నీటి వాటాతో కలిస్తేనే అది ఆస్తి. నగరంలోని గొప్ప కట్టడాలు చాలావరకు ఇలాంటి వక్ఫ్ ఆదాయం మీదే నడిచాయి, మరమ్మతులు చేయించుకున్నాయి.

ఖనాత్ తవ్వే విద్య దక్కనుకూ వచ్చింది. బహమనీల రాజధాని బీదర్‌లో, నౌబాద్ దగ్గర 15వ శతాబ్దంలో ఇరానీ పద్ధతిలో తవ్విన కారేజ్, అంటే ఖనాతే, ఇప్పటికీ ఉంది. స్థానికులు సురంగ బావి అని పిలుస్తారు. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో భాగమైన ఆ ఊళ్ళో ఈ సొరంగాన్ని పూడిక తీసి శుభ్రపరచిన తీరు, యజ్ద్ ముఖన్నీలు చూస్తే తమ పనేనని గుర్తుపట్టేలా ఉంటుంది.

తాగునీటికి ఆబ్‌అంబార్లు వేరుగా ఉండేవి. నేలలోకి లోతుగా దించిన గుండ్రటి తొట్టి, పైన ఇటుక గుమ్మటం, చుట్టూ బాద్‌గీర్లు. చలికాలంలో నీరు చల్లగా, తేటగా ఉన్నప్పుడు ఖనాత్ నుంచి మళ్ళించి తొట్టి నింపేవారు. తొట్టి అడుగుమట్టానికి ఉండే కుళాయి దగ్గరకు పదుల మెట్లు దిగి వెళ్ళాలి. నీటి మీద గాలి నిరంతరం ఆడుతూ ఉండడంతో వేసవి నడిమికి కూడా అది చెడేది కాదు. ఆరు బాద్‌గీర్లతో నిలిచిన షెష్ బాద్‌గీరీ ఆబ్‌అంబార్ యజ్ద్ నగర చిహ్నాలలో ఒకటి. ముస్లింలకూ జొరాస్ట్రియన్లకూ వేర్వేరు మెట్లదారులున్న ఆబ్‌అంబార్లు కూడా ఇక్కడ ఉన్నాయి. నీరు ఒకటే, తొట్టి ఒకటే, దిగే దారులు రెండు. ఆ కాలపు సహజీవనం ఎంతవరకు సాగిందో, ఎక్కడ ఆగిందో ఆ మెట్లు దాచకుండా చూపిస్తాయి.

50 కిలోమీటర్ల దూరంలోని మేబోద్‌లో యఖ్‌చాల్, అంటే మంచు కొట్టు, చూడదగ్గది. చలిరాత్రి లోతులేని మడుగుల్లో నీరు నిలిపి గడ్డకట్టించేవారు. పగటి ఎండ పడకుండా పక్కనే ఎత్తైన గోడ కాపుకాసేది. తెల్లవారుజామున ఆ గడ్డలు పగలగొట్టి, శంఖు ఆకారపు మట్టి గుమ్మటం కింది గోతిలో నింపి, వేసవి దాకా దాచేవారు. కరెంటు పుట్టకముందు ఎడారిలో షర్బత్‌లో మంచు వేసుకున్నారంటే ఇదే కారణం.

లోపలికి తిరిగిన ఇల్లు

యజ్ద్ పాత ఇల్లు వీధికి తన సంగతులేవీ చెప్పదు. కనబడేది కిటికీలు లేని ఎత్తైన మట్టి గోడ, దానిలో ఒక చెక్క తలుపు. రెండు రెక్కలకూ వేర్వేరు తట్టుళ్ళు ఉంటాయి. ఒకటి బరువైన ఇనుప కడ్డీ, రెండోది పలుచటి కడియం. మగవాళ్ళు కడ్డీతో, ఆడవాళ్ళు కడియంతో తట్టేవారు. చప్పుడును బట్టి ఇంట్లో ఎవరు వెళ్ళి తలుపు తీయాలో తేలేది. గడప దాటితే హష్తీ అనే ఎనిమిది పలకల చిన్న గది, అందులోంచి వంపు తిరిగిన నడవ. వీధిలో నిలబడ్డ మనిషి చూపు లోగిట్లోకి చేరదు.

నడవ చివర తెరుచుకునే లోగిలే అసలు ఇల్లు. నడుమ నీటి కొలను, చుట్టూ దానిమ్మ, అత్తి చెట్లు, నాలుగు వైపులా గదులు. గోదావరి జిల్లాల మండువా లోగిలి ఎరిగినవారికి ఈ అమరిక ఇట్టే బోధపడుతుంది. తేడా ఒకటే. మండువా వాన చినుకును ఇంటి నడుమకు రప్పించుకుంటుంది, యజ్ద్ లోగిలి నీడను పోగుచేసుకుంటుంది. లోగిలికి దక్షిణపు పక్కన కట్టి ఉత్తరానికి తెరిచిన భాగం వేసవి వాసానికి. అక్కడ ఎండ పడదు. ఉత్తరపు పక్కన కట్టి దక్షిణానికి తెరిచిన గదులు చలికాలానికి. కుటుంబం రుతువును బట్టి ఇంట్లోనే మకాం మార్చేది. వేసవిలోనైతే ఒక్క రోజులోనే మూడు చోట్లు మారేది. పొద్దున లోగిట్లో, మధ్యాహ్నం నేలమాళిగలో, రాత్రి మిద్దె మీద. కొన్ని ఇళ్ళలో లోగిలి మధ్యలో మరో అంతస్తు లోతుకు దించిన పల్లపు తోట ఉంటుంది. దాన్ని గొదాల్-బాఘ్‌చె అంటారు. ఖనాత్ మట్టానికి దగ్గరగా వెళ్ళడం కోసమే ఆ లోతు. అక్కడ తవ్విన మట్టి వృథా పోయేది కాదు, ఇంటి గోడలకు పచ్చి ఇటుకలయ్యేది.

ఆ ప్రాంతంలో కలప అరుదు. దూలాలు వేసి కప్పు పరచడానికి చెట్లు లేవు కాబట్టి మేస్త్రీలు కమానులు, గుమ్మటాలు, సొరంగపు కప్పులను ఎంచుకున్నారు. ఎండబెట్టిన ఇటుకలను ఒకదానికొకటి ఆనించి, ఊతం లేకుండానే గదిని మూసేయగల నేర్పు వాళ్ళది. వంపు తిరిగిన కప్పు మీద ఎండ అంతటా ఒకేలా పడదు, లోపలి వేడిగాలి పైకి చేరుతుంది, కనుక ఆ కప్పు చల్లదనానికీ కలిసివచ్చింది. గోడలు మీటరు మందం దాకా ఉండేవి. పైన కాహ్‌గిల్ పూత, అంటే మట్టిలో గోధుమ గడ్డి కలిపి మాగబెట్టిన గార. యజ్ద్ రంగు ఆ గార రంగే. కొన్నేళ్ళకోసారి దాన్ని మళ్ళీ పూయాలి, లేకపోతే గోడ వానకు లొంగిపోతుంది.

బాద్‌గీర్ పని తీరును వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే దాన్ని గాలి తగిలే చిమ్నీగా మాత్రమే అనుకోవడం సర్వసాధారణం. బురుజు లోపల నిలువు అడ్డుగోడలు దాన్ని వేర్వేరు గొట్టాలుగా విడదీస్తాయి. గాలి వీచే వైపు గొట్టంలోంచి గాలి కిందికి దిగుతుంది. అదే సమయంలో ఎదుటి వైపు గొట్టాలు లోపలి వేడిగాలిని పైకి లాగేస్తాయి. కిందికి దిగిన గాలి కొలను మీదుగానో తడి నేలమాళిగ మీదుగానో సాగి, నీటిని ఆవిరి చేస్తూ చల్లబడుతుంది. గాలి అసలే వీచని రోజున కూడా అది ఊరుకోదు. ఎండకు కాగిన బురుజు తన లోపలి గాలిని పైకి నెడుతుంది, ఆ ఖాళీని పూరించడానికి లోగిలిలోని చల్లటి గాలి గదుల్లోకి వస్తుంది. యజ్ద్‌కు వాయవ్యాన ఉన్న అర్దకాన్‌లో గాలి ఎక్కువగా ఒక దిక్కు నుంచే వీస్తుంది కాబట్టి అక్కడి బాద్‌గీర్లు ఒకే వైపు నోరు తెరుస్తాయి. యజ్ద్‌లో నాలుగు, ఆరు, ఎనిమిది వైపులవి కట్టారు. బురుజు బయటికి పొడుచుకొచ్చిన చెక్క వాసాలు దానికి లోపలి బిగింపునిస్తాయి, మరమ్మతుకు ఎక్కేవాళ్ళకు మెట్లవుతాయి.

దౌలతాబాద్ తోటలోని ఎనిమిది పలకల బాద్‌గీర్ ఎత్తు 33 మీటర్లకు పైనే. 18వ శతాబ్దంలో యజ్ద్‌ను ఏలిన మహమ్మద్ తకీ ఖాన్ ఈ తోటను వేయించాడు. దీనికి నీరు మెహ్రీజ్ వైపు నుంచి ఖనాత్ ద్వారా పదుల కిలోమీటర్లు ప్రయాణించి వచ్చేది. 2011లో 'పర్షియన్ తోట' పేరుతో ప్రపంచ వారసత్వ గుర్తింపు పొందిన తొమ్మిది తోటల్లో ఇదీ ఒకటి. ఇంత ఎత్తు బురుజు కట్టడం యజమాని దర్పమే అయినా, దాని కింద నిలబడ్డ మనిషి ఒంటికి తగిలే గాలి మాత్రం ఏ దర్పంతోనూ పని లేని హాయి.

ఇలాంటి ఇళ్ళ మధ్య వీధులు సన్నగా, వంకరగా సాగుతాయి. ఎడారి దుమ్ము గాలి నేరుగా దూసుకుపోకుండా ఆ వంకరలు అడ్డుకుంటాయి. అక్కడక్కడ రెండు వైపుల గోడలనూ కలుపుతూ పైన కమాను కప్పు వేస్తారు. వీటిని సాబాత్‌లంటారు. నడిచేవారికి నీడ, ఎదురెదురు గోడలకు ఒకదాని ఊతం మరొకదానికి. ఇద్దరు ఎదురైతే ఒరుసుకోక తప్పనంత ఇరుకు సందులకు ఆష్తీ-కొనాన్ అని పేరు. పగపట్టిన ఇద్దరు అలాంటి సందులో ఎదురుపడితే పలకరించుకోక తప్పదని, అలా రాజీ కుదిరేదని అక్కడి పెద్దలు చెప్పుకుంటారు.

మసీదులు, వక్ఫ్‌లు, ఒక గడియారం

పాత మహల్లాల్లో ఫహాదాన్ ముఖ్యమైనది. అక్కడి దవాజ్దా ఇమామ్ గుమ్మటం హిజ్రీ 429 నాటిది, అంటే సుమారు 1037 నాటిది. చూడటానికి చిన్న మట్టి రంగు కట్టడం. చదరపు గది మీద గుండ్రటి గుమ్మటం నిలపడానికి మూలల్లో మూడు రేకల కమానులు వాడిన తొలి ఉదాహరణల్లో ఒకటిగా ఇరాన్ వాస్తు చరిత్రలో దీనికి పెద్ద స్థానముంది. పేరులో పన్నెండుమంది ఇమాములున్నా లోపల ఏ ఇమాము సమాధీ లేదు, వారి పేర్లు మాత్రం గోడ మీద రాసి ఉన్నాయి.

13వ శతాబ్దంలో మంగోలులు ఇరాన్‌లోని పెద్ద నగరాలను నేలమట్టం చేస్తున్నప్పుడు యజ్ద్‌ను ఏలుతున్న అతాబేగ్‌లు లొంగి కప్పం కట్టారు. నగరం బతికిపోయింది. ఆ శతాబ్దంలోనే ఇటు వచ్చిన మార్కో పోలో ఇక్కడి పట్టు బట్టను ప్రస్తావించాడు. వచ్చిన వాణిజ్య సంపద తరువాతి శతాబ్దంలో కట్టడాలుగా మారింది. 12వ శతాబ్దంలో మొదలైన కోటగోడను 14వ శతాబ్దంలో ముజఫ్ఫరీ రాజులు విస్తరించారు.

జామే మసీదు ఆ కాలపు నిర్మాణమే. అంతకుముందే ఉన్న ప్రార్థనా స్థలంలో 1324లో సయ్యద్ రుక్నుద్దీన్ మహమ్మద్ కొత్త మసీదు మొదలుపెట్టించాడు, తరువాతి తరాలు కలుపుకుంటూ పోయాయి. సన్నగా పైకి లాగిన ముఖద్వారం, దాని మీద సుమారు 50 మీటర్ల ఎత్తుకు చేరే జంట మీనార్లు. ఇరాన్‌లోని ఎత్తైన మీనార్లలో వీటి పేరు తప్పక వస్తుంది. లోపల మెహరాబు చుట్టూ ఉన్న మొజాయిక్ పనిని నిలబడి చూడాలి. రంగు పలకను ముందే బొమ్మ గీసి కాల్చడం కాదు. ఒక్కో రంగు పలకను విడిగా కాల్చి, ఆకుగా, పువ్వుగా, అక్షరంగా ఉలితో కోసి, ముక్కలను పక్కపక్కన అమర్చారు. అదే పద్ధతి పని హైదరాబాద్‌లో పత్తర్‌గట్టి దగ్గరి బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడల మీద ఉంది, 1611 నాటిది. యజ్ద్ పోలేనివారు అక్కడ ఆ నీలాన్ని, ఆ పసుపును చూసుకోవచ్చు.

రుక్నుద్దీన్ మసీదుతో ఆగలేదు. పక్కనే మదరసా, గ్రంథాలయం, గడియలను, గ్రహగతులను చూపే పెద్ద గడియారంతో ఒక సముదాయం కట్టించాడు. 15వ శతాబ్దపు యజ్ద్ చరిత్రకారులు దాన్ని అబ్బురంగా వర్ణించారు. గడియారం పోయింది గానీ ఆ చోటును నేటికీ 'వక్త్-ఓ-సాఅత్' అనే పిలుస్తారు. అతని సమాధి మీది నీలి గుమ్మటం ఇంకా ఉంది. ఆయనా, ఆయన కొడుకు షంసుద్దీనూ రాయించిన వక్ఫ్ దస్తావేజు ఆనాటి భూములు, ఖనాత్‌లు, నీటి వాటాల గురించి మనకు దొరికే గొప్ప ఆధారాల్లో ఒకటి.

తైమూరీల కాలంలో ఆ వంశపు పాలకుడు షారూఖ్ తరఫున యజ్ద్‌ను ఏలిన అమీర్ చఖ్మాఖ్, అతని భార్య సిత్తీ ఫాతిమా కలిసి నగరం దక్షిణాన మరో సముదాయం కట్టించారు. మసీదు 1437 ప్రాంతంలో పూర్తయింది. సరాయి, హమామ్, చల్లటి నీటి బావి, మిఠాయి అంగడి కూడా వారి ప్రణాళికలో ఉన్నాయి. ఇప్పుడు ఫొటోల్లో కనిపించే మూడు అంతస్తుల కమానుల ముఖభాగం 19వ శతాబ్దపు తకియేది. మొహర్రం వేడుకలను జనం చూడటానికి వీలుగా కట్టినది.

అక్కడే నిలిచి ఉంటుంది నఖ్ల్. ఆకు ఆకారంలో ఉన్న భారీ చెక్క చట్రం అది. ఇమాం హుసేన్ పాడెకు ప్రతీకగా దాన్ని నల్లటి వస్త్రాలు, అద్దాలు, కత్తులతో అలంకరిస్తారు. యజ్ద్ ప్రాంతపు ఊళ్ళలో ఆషూరా నాడు వందలమంది భుజాల మీద నఖ్ల్ లేస్తుంది. అమీర్ చఖ్మాఖ్ ముందున్నది మాత్రం పాతదై కదలకుండా ఉండిపోయింది. తెలంగాణ పల్లెల్లో మొహర్రంను పీర్ల పండుగగా జరుపుకునే హిందువులకు, ముస్లింలకు హుసేన్ శోకాన్ని భుజాన మోయడం కొత్తది కాదు. యజ్ద్‌లో మోసేది పాడె గుర్తును, మన దగ్గర ఎత్తుకునేది పీర్లను.

అగ్ని, పట్టు, గోరింట

ఇస్లాం వచ్చాక కూడా జొరాస్ట్రియన్లు పెద్దసంఖ్యలో నిలిచిన ప్రాంతాలు యజ్ద్, కెర్మాన్. ముస్లిమేతరులపై వేసే జిజియా పన్ను కడుతూ, అవమానాలు భరిస్తూ వాళ్ళు ఇక్కడే ఉండిపోయారు. 1854లో భారత పార్సీల ప్రతినిధిగా వచ్చిన మానెక్‌జీ లిమ్‌జీ హతారియా దశాబ్దాల పాటు పట్టుబట్టి పోరాడిన ఫలితంగా 1882లో జిజియా రద్దయింది. 1934లో కట్టిన అగ్ని దేవాలయానికి భారత పార్సీలు సాయం చేశారు. అక్కడి అగ్ని 470వ సంవత్సరం నుంచి ఆరకుండా వస్తోందని వారి సంప్రదాయం. ఊరి బయట దఖ్మాలు, అంటే మృతదేహాలను పక్షులకు వదిలే గుట్ట మీది గుండ్రటి కట్టడాలు, 20వ శతాబ్దపు రెండో సగం దాకా వాడుకలో ఉండి ఆగిపోయాయి. హైదరాబాద్‌లో ఇరానీ చాయ్ హోటళ్ళు తెరిచిన కుటుంబాల్లో యజ్ద్ వైపు నుంచి వలస వచ్చినవారున్నారు. కరువు, బీదరికం వారిని అక్కడి నుంచి కదిలించాయి.

యజ్ద్ నేతలో తలమానికం తెర్మె. పట్టు, ఉన్ని దారాలతో చేమగ్గం మీద నేసే దళసరి బట్ట. మగ్గం పైన కూర్చున్న సహాయకుడు నమూనా ప్రకారం పోగులు లాగుతుంటే కింద నేతగాడు నాడె విసురుతాడు. రోజంతా నేసినా సాగేది ఒక అడుగుకు మించదు. మన చీరల అంచుల్లోని మామిడి పిందెకు దగ్గరి చుట్టమైన బొటె తెర్మెలో ప్రధాన అలంకారం. నగరంలోని మాజారీ వీధిలో గోరింటాకును పెద్ద రాతి చక్రాల కింద నలిపి పొడి చేసేవారు. ఒకప్పుడు ఆ చక్రాలను ఒంటెలు తిప్పేవి. బాదం, యాలకులతో చేసే కొత్తాబ్, బఖ్లావా, నూలుపోగుల్లా విడిపోయే పష్మక్ మిఠాయిల అంగళ్ళు అమీర్ చఖ్మాఖ్ కూడలి చుట్టూ నేటికీ రద్దీగానే ఉంటాయి.

తెరిచిన వీధులు, ఎండిన సొరంగాలు

యజ్ద్ కట్టడాల వెనకున్న ఆలోచనను సూత్రాలుగా చెప్పినవాడు యజ్ద్‌లోనే పుట్టిన మహమ్మద్ కరీం పీర్నియా. 1997లో చనిపోయేదాకా ఆయన ఇరాన్ అంతటా మేస్త్రీల దగ్గర కూర్చుని వాళ్ళ మాటల్లోనే వాస్తును నేర్చుకున్నాడు. మనిషి కొలతకు కట్టడం, వృథాకు పోకపోవడం, లెక్క తప్పని బలం, దగ్గర దొరికే వస్తువుతోనే సరిపెట్టుకోవడం, లోపలికి తిరిగి ఉండడం అనే అయిదింటిని ఇరానీ వాస్తుకు పునాదులుగా గుర్తించాడు. ఆ అయిదూ ఒక్కచోట చూపించమంటే ఆయన పుట్టిన ఊరి ఇళ్ళనే చూపించవచ్చు.

ఆ ఇళ్ళను మొదట దెబ్బతీసింది రోడ్డు. రెజా షా పాలనలో ఇరాన్ నగరాల్లో పాత బస్తీలను చీల్చుకుంటూ తిన్నటి వెడల్పు వీధులు వేశారు. యజ్ద్ బజార్లు, మహల్లాలు అలాగే ముక్కలయ్యాయి. కారు చేరని సందుల్లోని ఇళ్ళను వదిలి కలిగినవారు కొత్త పేటలకు వెళ్ళిపోయారు. పెద్ద లోగిళ్ళు గదులు గదులుగా అద్దెకెళ్ళాయి, కొన్ని ఖాళీగా కూలాయి. రెండో దెబ్బ మరింత లోతున తగిలింది. 1960ల నాటి భూసంస్కరణలతో ఖనాత్‌లను కలిసి బాగుచేయించే పాత కట్టుబాటు చెదిరింది. మోటారు బోర్లు వచ్చి భూగర్భ జలం కిందికి జారడంతో సొరంగాలు ఎండాయి. ఖనాత్‌లో ఉన్న నియమం బోరులో లేదు. ఖనాత్ కొండ ఇచ్చినంతే ఇస్తుంది, బోరు అడిగినంత తోడుతుంది. యజ్ద్-అర్దకాన్ మైదానంలో నేల కుంగుతున్నది అందుకే. మరోపక్క పింగాణీ పలకలు, ఉక్కు పరిశ్రమలు పెరిగాయి. వాటికీ నగరానికీ నీరు జాయందే రూద్ నది నుంచి పైపుల్లో రావడం మొదలైంది. 2013లో, ఆ నది ఎండిపోవడంతో, ఇస్ఫహాన్ తూర్పు ప్రాంతపు రైతులు తమ నీరు యజ్ద్‌కు పోతోందని ఆగ్రహించి పైపులైనును దెబ్బతీశారు. శతాబ్దాల పాటు పొరుగువాడి నీటి జోలికి పోకుండా బతికిన నగరం ఇప్పుడు నీటి తగాదాలో ఒక పక్షమైంది.

పాత బస్తీకి ఇటీవలి దశాబ్దాల్లో మళ్ళీ కదలిక వచ్చింది. 19వ శతాబ్దపు లారీల ఇల్లు వంటివి ప్రభుత్వ సంరక్షణలో బాగుపడ్డాయి. యజ్ద్ విశ్వవిద్యాలయపు కళ, వాస్తు విభాగం రసూలియాన్ ఇంటితో సహా పాత లోగిళ్ళలోనే నడుస్తోంది. భవన నిర్మాణం చదివే పిల్లలు ఆ నీడలోనే కూర్చుని పాఠాలు వింటారు. కొలాహ్‌దూజ్ ఇల్లు జల మ్యూజియం అయింది. ముఖన్నీల పలుగులు, దీపాలు, మీరాబ్‌ల రాగి గిన్నెలు, నీటి వాటాల పత్రాలు అక్కడున్నాయి. అమీర్ చఖ్మాఖ్ పక్కన ఒక ఆబ్‌అంబార్ గుమ్మటం కింద జూర్‌ఖానె నడుస్తోంది. డోలు దెబ్బకు అనుగుణంగా పహిల్వాన్లు చెక్క గదలు తిప్పే సంప్రదాయ వ్యాయామశాల అది. చాలా ఇళ్ళు హోటళ్ళయ్యాయి, మిద్దెల మీద టీ దుకాణాలు వెలిశాయి. గోడలు నిలబడటానికి ఆ డబ్బు అక్కరకొస్తోంది. అయితే ఒక మహల్లా అంతా అతిథి గృహాలైతే అక్కడ మొహర్రానికి నఖ్ల్ ఎత్తే భుజాలు ఎక్కడివన్న ప్రశ్న మిగిలే ఉంది. ఎడారిలో అరుదైన భారీ వాన మరో పరీక్ష. 2022 జులై వానలకు, వరదలకు పాత నగరంలో మట్టి గోడలు, కప్పులు దెబ్బతిన్నాయి. కాహ్‌గిల్ పూత సకాలంలో పడని ఖాళీ ఇళ్ళకే అలాంటి వానలతో ముప్పు ఎక్కువ.

యునెస్కో ఆధ్వర్యంలో 2005లో యజ్ద్‌లో అంతర్జాతీయ ఖనాత్, చారిత్రక జల నిర్మాణాల కేంద్రం మొదలైంది. ఇరాన్ నుంచి, పొరుగు దేశాల నుంచి వచ్చినవారికి సొరంగాల కొలతలు, పూడిక తీత, నీటి వాటాల చట్టాలపై శిక్షణ ఇస్తుంది. ఇప్పుడు యజ్ద్‌లో ఒక బాద్‌గీర్‌ను బాగుచేసే మేస్త్రీ దొరకడం కన్నా ఒక ఖనాత్‌లోకి దిగి పని చేసే ముఖన్నీ దొరకడం కష్టం. వయసు మీరిన ముఖన్నీల చేతి పనిని, వాళ్ళ కొలతల లెక్కలను, మట్టి పొరల గురించి వాళ్ళకున్న ఎరుకను కాగితం మీదికి ఎక్కించి, కుర్రవాళ్ళను వెంట దింపి నేర్పించడం అక్కడి నిపుణుల ముందున్న అత్యవసరమైన పని.